బిడ్డకు అమ్మవారు పోసింది... కూలికి పోవాలా, కాపలా ఉండాలా?

పెనుబల్లి : మాఘ మాసపు చలి ఇంకా వదలదు. పొద్దు పొడవక ముందే వి.యం. బంజర కూడలికి ఆటోలు వచ్చి నిలుస్తాయి. తలకు గుడ్డ చుట్టుకొని, చేతిలో సద్ది గిన్నె పట్టుకొని ఆడకూలీలు ఎక్కుతారు. మిరప కోతల కాలమది. ఒక రోజు మానితే ముఠాలో చోటు పోతుంది, మరునాడు మేస్త్రి పిలవడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లో పిల్లవాడికి ఒళ్లు కాలుతుంది. వీపు మీద నాలుగు నీటి పొక్కులు కనిపిస్తాయి.

ఇప్పుడు ఆ తల్లి ఏం చేయాలి? బడికి పంపితే మధ్యాహ్నం అన్నం దొరుకుతుంది, కనిపెట్టుకొని ఉండే పెద్ద మనిషి ఉంటారు. ఇంట్లో ఉంచితే ఆ రోజు కూలి పోతుంది. పైగా ఇది ఒక్క రోజుతో తీరే జబ్బు కాదు. అందుకే పొక్కులు కనపడకుండా నిండు చేతుల చొక్కా తొడిగి, జ్వరం బిళ్ల ఒకటి మింగించి బడికి సాగనంపే ఇళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటాయి. ఆ తల్లిని తప్పు పట్టడం తేలిక. ఆమె స్థానంలో నిలబడి చూడడం కష్టం.

అదే బెంచీ మీద కూర్చునే మరో పిల్లవాడి ఇంట్లో ఆరు నెలల చంటిబిడ్డ ఉండవచ్చు. కాన్పుకు వచ్చిన ఆడబిడ్డ ఉండవచ్చు. వారి భయమూ న్యాయమైనదే. ఈ ఇద్దరు తల్లుల మధ్య తగవు తీర్చేవారు లేక ఆ భారం చివరకు బడి పంతులు నెత్తిన పడుతున్నది. పిల్లవాణ్ణి వెనక్కి పంపితే ఒకరికి కోపం, కూర్చోబెట్టుకుంటే పదిమందికి కోపం.

మూడూ ఒకేసారి

ఆటలమ్మ, తట్టు రెండూ చలి వెనకబట్టి ఎండలు ముదిరే లోపల, అంటే జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఎక్కువగా కనిపించే జబ్బులు. మిరప కోతలు అప్పుడే. బడుల్లో సంవత్సరాంత పరీక్షలూ అప్పుడే. మధ్యలో శివరాత్రి వస్తుంది. నీలాద్రి కొండ దగ్గర స్వామి దర్శనానికి చుట్టుపక్కల ఊళ్ల జనం పిల్లాజెల్లాతో తరలివస్తారు. కూలి, పరీక్ష, తిరునాళ్ల - ఈ మూడింటి నడుమ ఒక్క పిల్లవాడికి వచ్చిన పొక్కులు రెండు మూడు వారాలు తిరిగేసరికి వాడంతా పాకడంలో వింత ఏముంది?

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. ఆటలమ్మ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే పక్కవారికి అంటుకోగలదు. తట్టు అయితే ఒంటి మీద ఎర్రదనం పైకి తేలడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుతుంది. అప్పటికి అది జలుబు, దగ్గు, కళ్లు ఎర్రబడటం మాదిరిగానే ఉంటుంది. కనుక ఫలానా ఇంటివాళ్లే ఊరంతా అంటించారని నిందించడం సరికాదు. జబ్బు తెలిసిన తర్వాత కూడా దాచి పంపడం మాత్రం తప్పే.

గుమ్మాన వేపమండ

మన పెద్దలు ఈ జబ్బులను అమ్మవారు అన్నారు. పెద్దమ్మవారు మశూచి, చిన్నమ్మవారు ఆటలమ్మ. బిడ్డకు అమ్మవారు పోయగానే గుమ్మానికి వేపమండ కట్టేవారు. ఆ మండ చూడగానే ఇరుగుపొరుగు లోపలికి రారు. ఆ ఇంటివారు శుభకార్యాలకు వెళ్లరు. మంచం వేరు, చెంబు వేరు, పక్కబట్ట వేరు. పొక్కులు ఎండి రాలిన తర్వాతే వేపాకు నీళ్లతో తలకు పోసి, ముత్యాలమ్మకు చలిది పెట్టి మళ్లీ నలుగురిలోకి తెచ్చేవారు.

చదువుకున్నవారు దీనిని మూఢనమ్మకమని కొట్టివేయడం కద్దు. కాని కాస్త నెమ్మదిగా ఆలోచించాలి. రోగిని వేరుగా ఉంచడం, ఇంటి ముందు అందరికీ తెలిసేలా గుర్తు పెట్టడం, పొక్కులు ఎండేదాకా బయటకు పంపకపోవడం - నేటి వైద్యులు చెప్పేదీ ఇదే. ఆ ఆచారంలో సిగ్గు లేదు, దాపరికం లేదు. అమ్మవారు పోసిందని చెప్పుకోవడానికి ఎవరూ వెనుకాడలేదు. ఇప్పుడు వేపమండ పోయింది. దాని స్థానంలో దాపరికం వచ్చింది.

అయితే ఆ ఆచారంలో విడవవలసినవీ ఉన్నాయి. అమ్మవారికి కోపం వస్తుందని డాక్టరు దగ్గరకు తీసుకుపోకపోవడం మొదటిది. బిడ్డకు కడుపు నిండా పెట్టకపోవడం రెండవది. తట్టు పోసిన బిడ్డకు మామూలు రోజుల కంటె ఎక్కువ బలం కావాలి. పాలు, పప్పన్నం, గుడ్డు, పండు - తినగలిగినదేదైనా పెట్టవచ్చు. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపరాదు. ఒళ్లు కడగరాదన్నదీ పట్టింపే. గోరువెచ్చని నీటితో తుడిచి, గోళ్లు కత్తిరిస్తే గోకినచోట చీము పట్టదు.

మశూచి పోయింది, పాఠం మిగిలింది

పెద్దమ్మవారు ఈ దేశం నుంచి వెళ్లిపోయి అర్ధశతాబ్దం దాటింది. మన దేశంలో చివరి మశూచి రోగిని 1975 మే నెలలో అస్సాంలో గుర్తించారు. 1980లో ప్రపంచం మొత్తం మీద ఆ జబ్బు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. టీకా లేకుంటే ఆ పని జరిగేది కాదు. కాని టీకా ఒక్కదానితోనే జరగలేదు.

ఆ రోజుల్లో ఆరోగ్య సిబ్బంది మశూచి సోకిన బిడ్డ బొమ్మ ఉన్న కార్డులు పట్టుకొని సంతలకు, బడులకు తిరిగారు. ఇటువంటి జబ్బు మీ వీధిలో ఎవరికైనా ఉన్నదా అని పిల్లలనే అడిగారు. ఊళ్లో ఏ మూల ఏం జరుగుతున్నదో పిల్లలకు తెలిసినంతగా కరణానికి కూడా తెలియదు. మొదట వార్త చెప్పినవారికి బహుమతి సొమ్ము ప్రకటించారు. జబ్బు ఉన్న ఇంటి ముందు కాపలా మనుషులను కూర్చోబెట్టారు. చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ టీకాలు వేశారు.

మనం మరువరాని సంగతి ఒకటి ఇందులో ఉన్నది. రోగిని ఇంట్లో కట్టిపడేసి ఆ ఇంటివారిని ఆకలికి వదిలివేస్తే ఎవరూ మాట వినరని ఆ కార్యక్రమం నడిపినవారు గ్రహించారు. కదలకుండా ఉండవలసిన కుటుంబాలకు తిండి అందేలా చూసిన చోట్లు ఉన్నాయి. ఇంట్లో ఉండు అని చెప్పడం సగం పని. ఇంట్లో ఉండగలిగేలా చేయడం మిగతా సగం.

ఏ జబ్బుకు ఎన్నాళ్లు?

తల్లిదండ్రులు తరచు అడిగే ప్రశ్న ఇది. జబ్బును బట్టి లెక్క మారుతుంది.

తట్టు : ఒంటి మీద ఎర్రని దద్దు పైకి తేలిన రోజు తర్వాత నాలుగు రోజులు దాటేదాకా బడికి పంపరాదు. అంటు జబ్బులన్నిటిలో ఇది గడుసుది. తట్టు ఉన్న బిడ్డ దగ్గి వెళ్లిపోయిన గదిలో రెండు గంటల దాకా గాలిలో ఆ క్రిమి నిలిచి ఉండగలదు. టీకా లేని పిల్లలు పదిమంది దగ్గరగా మెలిగితే తొమ్మిది మందికి అంటుకోగలదు.

ఆటలమ్మ : ఉన్న పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా ఆగాలి. సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. మచ్చలు పోయేదాకా ఆగనక్కర లేదు. జ్వరానికి ఆస్పిరిన్ బిళ్ల ఇవ్వరాదు. పెద్దవారికి, గర్భిణులకు ఇది పిల్లల కంటె తీవ్రంగా వస్తుంది.

గవదబిళ్లలు : చెంప వాచిన నాటి నుంచి ఐదు రోజులు.

కోరింత దగ్గు : డాక్టరు రాసిన మందు మొదలుపెట్టిన తర్వాత ఐదు రోజులు. మందు వాడకపోతే మూడు వారాలు. చంటిబిడ్డకు ఇది సోకితే ఊపిరి ఆగే ప్రమాదం ఉన్నది.

కంఠసర్పి : ఇందులో రోజుల లెక్క ఇంట్లో వేసుకునేది కాదు. గొంతులో తెల్లని పొర, మెడ వాపు కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. హైదరాబాదు నల్లకుంట ఫీవరాసుపత్రి ఈ జబ్బుకు పెట్టింది పేరు. విరుగుడు మందు ఎంత త్వరగా పడితే అంత మేలు.

కండ్లకలక : కళ్లు ఎరుపు, పుసి తగ్గేదాకా ఇంట్లోనే. తువ్వాలు, తలగడ వేరు. 2023 జూలై, ఆగస్టు నెలల్లో తెలుగు రాష్ట్రాలు రెండింటిలో ఇది విపరీతంగా పాకినప్పుడు హాస్టలు పిల్లలే ఎక్కువ ఇబ్బంది పడ్డారు.

గజ్జి : మందు ఒకసారి పూసిన మరునాడు బడికి పంపవచ్చు. కాని ఇంటిల్లిపాదీ ఒకే రోజు పూసుకోవాలి. ఒక్కరికే పూస్తే తిరిగి వస్తుంది.

వాంతులు, విరేచనాలు : ఆగి ఒక రోజు గడిచేదాకా ఇంట్లో ఉంచి, ఓఆర్ఎస్ నీళ్లు తాగించాలి.

వర్షాకాలంలో వచ్చే మలేరియా, డెంగీ వేరు. అవి ఒక పిల్లవాడి నుంచి పక్కవాడికి తాకితే అంటవు. దోమ మోసుకుపోవాలి. ఆ జ్వరం వచ్చిన బిడ్డను ఇంట్లో ఉంచేది విశ్రాంతి కోసం. పక్కవారు భయపడి దూరం పెట్టనక్కర లేదు. మామూలు జలుబుకు, జ్వరం లేని కాస్త దగ్గుకు రోజుల తరబడి బడి మాన్పించడమూ సరికాదు. జ్వరం ఉంటే మాన్పించాలి. మందు లేకుండా ఒక పగలు, ఒక రాత్రి జ్వరం రాకుండా గడిస్తే పంపవచ్చు. ఈ కొలత గుర్తుంచుకుంటే చాలావరకు తగవులు తీరుతాయి.

మంచం పక్కన కూర్చున్నవారు చూడవలసినవి

తట్టు దానంతటదే తగ్గుతుందని ఊరుకునే ఇళ్లలోనే ప్రాణాలు పోతాయి. బిడ్డను తీసుకుపోయేది తట్టు కాదు, దాని వెంట వచ్చే నెమ్ము, విరేచనాలు. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి నిమిషానికి ఎన్ని ఊపిర్లు తీస్తున్నదో లెక్కపెట్టాలి. రెండు నెలలు నిండి ఏడాది లోపు బిడ్డకు యాభై, ఏడాది దాటి ఐదేళ్ల లోపు బిడ్డకు నలభై - ఇంతకు చేరినా, మించినా నెమ్ముగా అనుమానించాలి. డొక్కలు లోపలికి పీల్చుకుపోవడం, పాలు తాగలేకపోవడం, ఫిట్సు, మగతగా పడి ఉండటం, దద్దు తగ్గాక మళ్లీ జ్వరం రావడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగరాదు. 108కి ఫోను చేయాలి.

తట్టు పోసిన బిడ్డకు ఎ విటమిను మందు వరుసగా రెండు రోజులు వేయిస్తే కంటి చూపుకు, ప్రాణానికి కూడా రక్ష. వయసును బట్టి మోతాదు మారుతుంది గనుక ఆసుపత్రిలోనే వేయించాలి. తట్టు తగ్గిన తర్వాత కూడా కొన్ని నెలల పాటు ఆ బిడ్డ ఒంట్లో ఇతర జబ్బులను తట్టుకునే శక్తి తక్కువగా ఉంటుంది. ఒళ్లు తేరుకున్నది కదా అని అజాగ్రత్త పనికిరాదు.

హాస్టలు పిల్లల సంగతి

ఇక్కడి నుంచి అశ్వారావుపేట, దమ్మపేట వైపు అడవి అంచు గూడేల పిల్లలు చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉండి చదువుకుంటారు. ఒకే గదిలో పక్కపక్కన పడుకునేచోట ఒకరికి ఆటలమ్మ వస్తే ఏమవుతుంది? వెంటనే తండ్రికి కబురు వెళుతుంది. ఆయన పని మానుకొని వచ్చి, జ్వరంతో ఉన్న పిల్లను బస్సులో కూర్చోబెట్టుకొని గూడేనికి బయలుదేరతాడు. దారిలో బస్సులో ఎందరో. గూడెంలో చంటిబిడ్డలు, గర్భిణులు. హాస్టలు నుంచి జబ్బును పంపివేశామనుకుంటే అది ఆసుపత్రికి దూరంగా ఉన్న గూడేనికి చేరుతుంది.

దీనికన్నా ప్రతి హాస్టలులో గాలి వెలుతురు ఉన్న గది ఒకటి కేటాయించి, అదివరకే ఆటలమ్మ వచ్చి తగ్గిన ఆయమ్మనో, వాచ్‌మన్‌నో అక్కడ ఉంచడం మేలు. తల్లి వచ్చి పిల్ల దగ్గర ఉంటానంటే ఉండనివ్వాలి. ఇంటికే పంపవలసి వస్తే అందరూ ఎక్కే బస్సులో కాక విడిగా పంపే ఏర్పాటు ఉండాలి. గూడెం ఆశా కార్యకర్తకు ముందుగా కబురు అందాలి.

చేల గట్ల మీది గుడిసెలు

మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలీల కుటుంబాలు ఖమ్మం జిల్లాలో చేల పక్కనే గుడిసెలు వేసుకొని ఉంటాయి. వారి పిల్లల పేర్లు ఏ అంగన్‌వాడీ పుస్తకంలోనూ ఉండకపోవచ్చు. ఏ టీకా పడిందో, ఏది పడలేదో చెప్పే చీటీ వెంట ఉండదు. భాష తెలియదు గనుక సూది అంటే భయపడతారు. వారిని చూసి మనం జబ్బు తెచ్చారంటాము. జబ్బుకు సరిహద్దు లేదు, వారి పిల్లలకు రక్షణ లేదు - సంగతి ఇంతే. కోతలకు కూలీలను పిలిపించుకునే రైతు వారికి కూలి ఎంత, బస ఎక్కడ అని చూసుకుంటాడు. పిల్లలు ఎందరని కూడా ఆశా కార్యకర్తకు ఒక మాట చెబితే టీకా ఆ గట్టు దాకా నడిచి వస్తుంది.

టీకా చీటీ తీసి చూడండి

తట్టు, రుబెల్లా టీకా తొమ్మిది నెలలు నిండగానే ఒకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండవది వేయించాలి. సర్కారు ఆసుపత్రిలో, అంగన్‌వాడీ కేంద్రంలో ఇవి ఉచితం. 2017 ఆగస్టులో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ బడుల్లోనే ఈ టీకా వేసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత పుట్టిన పిల్లల బాధ్యత తల్లిదండ్రులు చూసుకోవాలి. కోరింత దగ్గు, కంఠసర్పి టీకాలు ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర నెలల్లో మూడుసార్లు పడతాయి. బలం నిలవడానికి ఒకటిన్నర ఏడు దాటాక ఒకటి, ఐదేళ్లు నిండాక ఒకటి వేయించాలి. పసితనంలో పడ్డాయి కదా అని ఈ చివరివి వదిలేసే ఇళ్లు ఎక్కువ. పెద్ద పిల్లలకు కంఠసర్పి వస్తున్నదంటే కారణం అదే.

ఆటలమ్మకు, గవదబిళ్లలకు కూడా టీకాలు ఉన్నాయి. కాని అవి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే జాబితాలో లేవు. ప్రైవేటులో డబ్బు పెట్టి వేయించుకోవాలి. అందువల్లనే పేద ఇళ్లకు ఈ రెండు జబ్బుల విషయంలో బిడ్డను వేరుగా ఉంచడం తప్ప మరో దారి లేదు.

కూలి పోకుండా కాపలా ఎట్లా?

అసలు ప్రశ్న ఇక్కడే ఉన్నది. వాడలో ఆటలమ్మ ఒకసారి వచ్చి తగ్గినవారు ఎందరో ఉంటారు. వారికి సాధారణంగా అది మళ్లీ రాదు. ముసలమ్మలు, ఇంటిపట్టున ఉండేవారు అటువంటివారే. మహిళా సంఘాలు ఊరూరా ఉన్నాయి. జబ్బుపడ్డ పిల్లలను పగటిపూట కనిపెట్టుకొని ఉండే మనిషికి సంఘం నుంచి కొంత ముట్టజెప్పే పద్ధతి పెట్టుకుంటే నలుగురు తల్లుల కూలి నిలుస్తుంది. ఇది వింత ఆలోచన కాదు. పనిచోట ఐదుగురు పసిపిల్లలు ఉంటే వారిని చూసుకునేందుకు ఒక స్త్రీకి కూలి ఇచ్చి కూర్చోబెట్టాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు.

బడి చేయగలిగినదీ ఉన్నది. జబ్బుతో మానిన రోజులను ఎగవేత కింద లెక్కకట్టి పిల్లవాణ్ణి నిలబెట్టరాదు. రోజూ తప్పక వచ్చినవారికి బహుమతి ఇచ్చే అలవాటు ఉన్న బడి, జ్వరంతో వచ్చినవాడికి కూడా ఆ బహుమతి ఇస్తున్నదేమో చూసుకోవాలి. ఇంట్లో ఉన్న బిడ్డకు మధ్యాహ్నం అన్నం గిన్నె అన్నో, అక్కో పట్టుకుపోయేందుకు అనుమతి ఇస్తే తల్లికి సగం దిగులు తీరుతుంది. పదవ తరగతి పరీక్షల వేళ ఆటలమ్మ వస్తే దాచిపెట్టకుండా ముందే హెడ్మాస్టరుకు చెప్పి, విడిగా కూర్చోబెట్టమని అడగాలి. ఆ పిల్లను అవమానించకుండా ఏర్పాటు చేయవలసిన బాధ్యత పరీక్ష జరిపేవారిది.

కరోనా కాలంలో 2020 మార్చిలో మూతపడిన బడుల గేట్లు పూర్తిగా తెరుచుకునేసరికి ఏడాదిన్నర పట్టింది. ఒక్క దగ్గు ఎంత దూరం పోగలదో ఊరందరూ అప్పుడు చూశారు. జబ్బు దాచుకోనక్కరలేదని కూడా అప్పుడే కొంత నేర్చుకున్నారు. ఆ నేర్చుకున్నది మరచిపోకముందే గ్రామ పంచాయతీ, బడి కమిటీ, ఆశా కార్యకర్త, మహిళా సంఘం ఏటా సంక్రాంతి వెళ్లిన వారంలో ఒక్క పూట కూర్చొని ఈ ఏర్పాట్లు మాట్లాడుకుంటే మంచిది. మిరప పండే లోపల ఈ పని జరగాలి. వైద్య, విద్యాశాఖల అధికారులు అందుకు పూనుకోవలసి ఉన్నది.

వేపమండ మళ్లీ గుమ్మాలకు కట్టమని ఎవరూ అనరు. కాని ఆ మండ చూసి వీధిలోని వాళ్లు లోపలికి రాకపోయినా, అరుగు మీద పాలచెంబు పెట్టి వెళ్లేవారు. బిడ్డ ఎట్లా ఉందమ్మా అని వాకిట్లో నిలబడి అడిగేవారు. ఆ పాలచెంబు తిరిగి వస్తే నిండు చేతుల చొక్కా వెనుక పొక్కులు దాచవలసిన అవసరం ఏ తల్లికీ ఉండదు.